సమాధి శిల్పంలో శ్రమజీవి

1

చనిపోయినవాళ్ళ కోసం రాతిలో బొమ్మలు చెక్కించడమనే ఆచారాన్ని మన చరిత్రకారులు సాధారణంగా రెండు వైపుల నుంచి చూస్తారు. మతం దృష్టితో చూసేవారికి అది పరలోక విశ్వాసం. కళాదృష్టితో చూసేవారికి అది రేఖ, నిష్పత్తి, శైలి. ఈ రెండు చూపులూ అవసరమే. కాని ఈ రెండూ వదిలేసే ప్రశ్న ఒకటుంది. ఆ బొమ్మ చెక్కించిందెవరు? దానికయిన ఖర్చు ఎవరి శ్రమలోంచి వచ్చింది? ఆ చావు వల్ల బతికి ఉన్నవాళ్ళలో ఎవరికేం దక్కింది?

కళ్యాణదుర్గం లాంటి కరువు సీమలో ఉంటూ ఈ ప్రశ్న వేసుకోకుండా ఉండడం నాకు సాధ్యం కాలేదు. మా చుట్టుపక్కల పల్లెల్లో చెరువుకట్టల మీద, పాతగుడి ప్రాకారాల పక్కన, ఊరిబయట వేపచెట్ల కింద బొమ్మలు చెక్కిన బండలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల వాటికి పసుపూ కుంకుమా పెట్టి వీరన్న అంటారు. కొన్నిచోట్ల వాటి మీదనే బట్టలుతుకుతారు. మరికొన్ని చోట్ల వాటిని కాలువ మీద అడ్డంగా పరిచి నడుస్తారు. ఇవి వీరగల్లులు. పాఠ్యపుస్తకంలో ఈజిప్టు సమాధి శిల్పానికి అధ్యాయాలుంటాయి, వీరగల్లుకు ఒక వాక్యముంటే గొప్ప. నైలు నది ఒడ్డున గోడల మీద చెక్కిన బొమ్మలనూ, మా మెట్టచేల గట్ల మీద నిలబడ్డ ఈ బండలనూ ఒకేసారి ముందు పెట్టుకుని చదివితే రెండింటి అసలు స్వభావమూ బయటపడుతుందని నా ఉద్దేశం.

2

బొమ్మల కంటే ముందు బండలున్నాయి. కళ్యాణదుర్గానికి దగ్గర్లోని ముదిగల్లు ప్రాంతంలో ఇనుపయుగపు రాతి సమాధులున్నాయి. నాలుగు పక్కలా పలకబండలు నిలిపి, పైన మూతబండ వేసి, చుట్టూ గుండ్రాళ్ళను వలయంగా పేర్చిన కట్టడాలివి. జనం ఇలాంటి వాటిని పాండవుల గుళ్ళనీ, రాకాసి గుళ్ళనీ అంటారు. ఇంత బరువు మామూలు మనుషులు ఎత్తలేరన్న ఆశ్చర్యం ఆ పేర్లలో ఉంది. ఎత్తింది మాత్రం మామూలు మనుషులే.

మాకు పడమరగా, కర్ణాటక సరిహద్దు దాటి మొలకాల్మూరు వైపు వెళితే బ్రహ్మగిరి వస్తుంది. అశోకుడి శాసనమున్న ఆ కొండ పాదంలో మార్టిమర్ వీలర్ 1947లో తవ్వకాలు జరిపి ఇలాంటి సమాధులనే పరిశీలించాడు. పలకల్లో ఒకదానికి గుండ్రటి కంత ఉంటుంది. లోపల ఒక్కరివి కాదు, చాలామంది ఎముకలు కలిపి పెట్టిన సమాధులున్నాయి. నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు, ఆయుధాలు దొరికాయి. వీలర్ వీటిని క్రీస్తు పుట్టుకకు కాస్త అటూ ఇటూ ఉన్న కాలంలో పెట్టాడు గాని, తర్వాతి పరిశోధకులు దక్షిణాది ఇనుపయుగాన్ని క్రీ.పూ. 1000 దరిదాపులకూ, ఇంకా వెనక్కీ జరిపారు.

ఈ సమాధుల్లో ముఖ్యంగా గమనించవలసింది, వాటి మీద బొమ్మ లేదు, పేరు లేదు. బండ పరిమాణంలోనూ, లోపల పెట్టిన వస్తువుల్లోనూ తేడాలున్నాయి కాబట్టి అందరూ సమానంగా ఉన్న సమాజమని చెప్పలేం. కాని చచ్చినవాడి ముఖాన్నీ, ఘనతనూ విడిగా నిలబెట్టాలన్న కోరిక ఇక్కడింకా రాతికెక్కలేదు. ఆ కోరిక రాతికెక్కాలంటే మిగులు సంపద కావాలి. ఆ మిగులు మీద హక్కు చెప్పుకునేవాడు కావాలి. వాడి హక్కు అక్షరాల్లో రాసిపెట్టే లేఖకుడు కావాలి.

3

ఈజిప్టులో ఈ మూడూ చాలా ముందే సమకూరాయి. నైలు ఏటేటా పొంగి ఒండ్రు పరిచేది. పంటలో భాగాన్ని లెక్కగట్టి గాదెలకు చేర్చే అధికారవర్గం తయారయింది. సఖారా శ్మశానంలోని గొప్ప సమాధుల్లో చాలావాటి యజమానులు ఈ అధికారులే.

అయిదో రాజవంశపు కాలంలో, అంటే సుమారు క్రీ.పూ. 2400 ప్రాంతంలో, టీ అనే పెద్ద ఉద్యోగి కట్టించుకున్న సమాధి వాటిలో ఒకటి. గోడల నిండా పలచగా ఉబ్బెత్తు చెక్కడాలు: విత్తడం, కోత, నూర్పిడి, చేపలు పట్టడం, పడవలు కట్టడం, పశువులు కాయడం. ఒకచోట మంద కాలువ దాటుతోంది. ఒక కాపరి వంగి లేగదూడను వీపున మోస్తున్నాడు. దూడ మెడ తిప్పి వెనక వస్తున్న తల్లిని చూస్తోంది. మా ప్రాంతంలో గొర్రెపిల్లను భుజాన వేసుకుని మందను తోలే కురబవాణ్ణి చూసినవాళ్ళెవరికైనా ఆ బొమ్మకు వ్యాఖ్యానం అక్కర్లేదు. అదే సమాధిలో టీ నీటిగుర్రాల వేట చూస్తూ పడవలో నిలబడి ఉంటాడు. వేటాడేవాళ్ళు చిన్నగా ఉంటారు. నిలబడి చూసేవాడు వాళ్ళకు ఎన్నో రెట్లు పెద్దగా ఉంటాడు. శిల్పికి దూరం దగ్గర తెలియక కాదు. ఇక్కడ కొలత కంటిది కాదు, హోదాది.

తర్వాతి వంశపు మంత్రి మెరెరుకా సమాధిలో ముప్పైకి పైగా గదులున్నాయి. అక్కడ ఒక దృశ్యంలో ఊరిపెద్దలను లెక్కలు చెప్పడానికి ఈడ్చుకొస్తారు. లేఖకులు కూర్చుని రాస్తుంటారు. బాకీపడ్డవాణ్ణి కర్రలతో కొడుతుంటారు. దీన్ని దోపిడీకి నిరసనగా ఎవరూ చెక్కలేదు. మంత్రిగారి పాలన ఎంత సక్రమంగా జరిగిందో చెప్పడానికే చెక్కారు. పాలకుడు తన ఘనతగా గోడకెక్కించుకున్నదే నాలుగువేల ఏళ్ళ తర్వాత అతని మీద సాక్ష్యమయింది.

గోడల సంగతి ఇది. విగ్రహాల సంగతి వేరు. చనిపోయిన యజమాని ప్రాణశక్తిని వాళ్ళు 'కా' అన్నారు. దానికి నిలువ నీడగా అతని విగ్రహాన్ని చెక్కించి, మూసేసిన గదిలో పెట్టి, కళ్ళకెదురుగా సన్నని సందు వదిలేవారు. ధూపమూ ఆహారపు వాసనా ఆ సందు గుండా లోపలికి పోవాలి. శిల్పిని వాళ్ళ భాషలో 'బతికించేవాడు' అన్న అర్థమొచ్చే మాటతో పిలిచేవారు. అంత పెద్ద పేరున్న శిల్పుల్లో తన పేరు రాసుకోగలిగినవాళ్ళు బహు కొద్దిమంది.

యజమాని విగ్రహంతో పాటు పనివాళ్ళ బొమ్మలు కూడా పెట్టేవారు. మోకాళ్ళ మీద కూర్చుని తిరగలిబండ మీద ధాన్యం నూరే ఆడమనిషి, బీరు వడకట్టేవాడు, రొట్టె కాల్చేవాడు. తర్వాతి యుగాల్లో ఇది షబ్తీ అనే చిన్న బొమ్మల రూపం తీసుకుంది. పరలోకంలో యజమానిని పొలం పనికి పిలిస్తే అతని బదులు పోయి పనిచేయవలసింది ఈ బొమ్మే. మొదట సమాధికి ఒకటో రెండో ఉండేవి. పోనుపోను రోజుకొకటి చొప్పున 365 బొమ్మలు, వాటి మీద పదిమందికొకడు చొప్పున 36 మంది మేస్త్రీలు, మొత్తం 401గా లెక్క స్థిరపడింది. మేస్త్రీ బొమ్మ చేతిలో కొరడా ఉంటుంది. పాలకవర్గం తన స్వర్గాన్ని ఊహించుకున్నప్పుడు కూడా కూలీ లేకుండా, కూలీ మీద కొరడా లేకుండా ఊహించుకోలేకపోయిందన్న మాట. ఇంతకంటే స్పష్టంగా ఆ సమాజం గురించి చెప్పే పత్రం మరొకటి ఉండదు.

అయితే ఈ కథకు రెండో పక్క కూడా ఉంది. రాజుల లోయలో సమాధులు తొలిచిన కార్మికులు దేర్ ఎల్ మదీనా అనే ఊళ్ళో ఉండేవారు. మూడో రామెసిస్ పాలనలో 29వ ఏట, క్రీ.పూ. 12వ శతాబ్దం మధ్యలో, వాళ్ళకు ధాన్యపు కూలి అందలేదు. పనిముట్లు దించి, కాపలాగోడలు దాటి వెళ్ళి ఆలయాల దగ్గర కూర్చున్నారు. ఆకలితో, దాహంతో ఇక్కడికొచ్చామనీ, బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదనీ చెప్పుకున్నారు. లేఖకుడు రాసిపెట్టిన ఆ వివరాలు ఇప్పుడు ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉన్నాయి. రాతపూర్వకంగా మనకు తెలిసిన తొలి సమ్మె ఇదేనంటారు. సమాధి గోడ మీద తలవంచి గడ్డి మోసే బొమ్మను చెక్కిన చేయి, కూలి రానప్పుడు ఉలిని కింద పెట్టగలిగింది. గోడను చూసి ఆ మనుషులెప్పుడూ తలవంచుకునే ఉన్నారనుకుంటే పొరపాటు.

4

ఇప్పుడు మన వీరగల్లు దగ్గరికి వద్దాం. కళ్యాణదుర్గం సీమ ఒకప్పుడు నొళంబుల ఏలుబడిలో ఉండేది. వాళ్ళ రాజధాని హెంజేరు ఇప్పటి హేమావతి, మాకు దక్షిణాన అమరాపురం దగ్గర ఉంది. తొమ్మిది, పది శతాబ్దాల్లో నొళంబులు, బాణులు, వైదుంబులు, గంగులు ఈ మెట్టభూముల మీద ఎడతెగక కొట్లాడుకున్నారు. పైన రాష్ట్రకూటులు, కింద చోళులు. ఆ కొట్లాటల్లో చచ్చినవాళ్ళ రాళ్ళు అనంతపురం నుంచి మదనపల్లె, పుంగనూరు దాకా, అటు కర్ణాటకలోనూ నిలిచి ఉన్నాయి. సోరెమడి అన్న చోట జరిగిన ఒక్క పోరునే ఎన్నో వీరగల్లులు పేర్కొంటాయి.

వీరగల్లు రచన సాధారణంగా మూడు అంతస్తులు. అడుగున పోరు. వీరుడు విల్లో కత్తో పట్టి ఉంటాడు. ఎదురుగా శత్రువులు, పక్కన ఆవులు. నడిమి అంతస్తులో అప్సరసలు అతణ్ణి చెరో చేయి పట్టి పైకి తీసుకుపోతుంటారు. పై అంతస్తులో శివలింగం, పూజారి, వీరుడు చేతులు జోడించి కూర్చుని ఉంటాడు. శిఖరాన సూర్యచంద్రులు, ఆ రాయీ దాని దానమూ ఆచంద్రార్కం నిలవాలని గుర్తు. ఈజిప్టు గోడలా ఇది చీకటిగదిలో మూసిపెట్టింది కాదు. నలుగురూ నడిచే దారిలో నిలబెట్టింది. అక్కడ బొమ్మ చచ్చినవాడి కోసం. ఇక్కడ బొమ్మ బతికున్నవాళ్ళ కోసం. ఈ తేడాను పట్టుకుంటేనే వీరగల్లు అర్థమవుతుంది.

అడుగు అంతస్తులో ఆవులెందుకున్నాయి? విరాటపర్వంలో గోగ్రహణం చదివిన విద్యార్థికి పశువుల్ని తోలుకుపోవడం రాచకార్యమేనని తెలుసు. కాని దాన్ని కావ్యసంప్రదాయంగా చూస్తే చాలదు. అనంతపురం జిల్లాలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు. అది కూడా నమ్మకం లేని వాన. ఇలాంటి నేల మీద పంట తప్పినప్పుడు నడిచి ఇంకో చోటికి పోగలిగిన ఆస్తి పశువే. కాబట్టి దొంగిలించడానికి వీలైన ఆస్తీ అదే. కాటమరాజు కథలో కరువు, పచ్చిక, పుల్లరి తగాదా ఎలా యుద్ధం దాకా పోయాయో మనకు తెలుసు. మందను ఎదుటివాడు తోలుకుపోతే ఊరు చచ్చినట్టే. దాని కోసం ముందుకురికినవాడు చాలాసార్లు రాజు కాదు, సామంతుడు కాదు. ఊళ్ళో మనిషి. టీ సమాధిలో పేరు లేకుండా దూడను మోసినవాడి కులబంధువు ఇక్కడ తన పేరుతో, తండ్రి పేరుతో, ఊరి పేరుతో రాతికెక్కాడు. ఇది చిన్న విషయం కాదు.

సాహిత్య విద్యార్థులు ఇంకో సంగతి గమనించాలి. నన్నయకు ముందు మనకు మిగిలిన తెలుగు వచనంలో కొంత ఈ వీరగల్లుల మీదే ఉంది. మా ప్రాంతంలో కన్నడం ఎక్కువ, తూర్పుకు పోయేకొద్దీ తెలుగు. ఫలానా రాజు ఏలుతుండగా, ఫలానా ఊరి మీద పడ్డప్పుడు, ఫలానావాడి కొడుకు ఫలానావాడు పోరాడి పడ్డాడు: ఇదీ ఆ వచనపు నడక. అలంకారం లేదు, సమాసాల పోగు లేదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్న నాలుగు ముక్కలే ఉంటాయి. మార్గ కావ్యం ఈ మనిషిని తర్వాత పూర్తిగా మరిచిపోయింది.

అలాగని వీరగల్లును ప్రజాకళ అని చంక గుద్దుకోవడానికి వీల్లేదు. రాయి కింద ఒక ఒప్పందముంది. వీరుడు చస్తే అతని వాళ్ళకు భూమి ఇస్తారు. కన్నడ శాసనాల్లో దీన్ని కల్నాడు అనీ, బాళ్గళ్చు అనీ, నెత్తరుగొడగె అనీ అంటారు. చివరి మాటకు తెలుగు చేస్తే నెత్తురు మాన్యం. ప్రాణానికి నేల చెల్లు. బెంగుళూరు మ్యూజియంలో ఉన్న బేగూరు రాయి ఈ లెక్కను దాచుకోకుండా చెబుతుంది. గంగరాజు ఎరెయప్ప నొళంబ అయ్యపదేవుడికి సాయంగా నాగత్తరుణ్ణి సేనతో పంపాడు. నాగత్తరుడు వీరమహేంద్రుడి ఏనుగుల మీద పడి చచ్చాడు. రాజు అతని బిరుదును ఇరుగుడికి కట్టి, పన్నెండు ఊళ్ళు కల్నాడుగా ఇచ్చాడు. బండ మీద కిక్కిరిసిన ఏనుగులు, గుర్రాలు, తెగిపడ్డ మనుషులు ఉన్నారు. ఊళ్ళు దక్కింది ఒక్కడి వారసత్వానికి. ఆ బండ మీదే నేలకూలిన మిగతావాళ్ళకేం దక్కిందో బండ చెప్పదు.

క్రీ.శ. 950 ప్రాంతపు ఆతకూరు రాయి ఇంకా విచిత్రం. తక్కోలం యుద్ధంలో సాహసం చూపిన మణలెర అనేవాడు బహుమతిగా కాళి అనే వేటకుక్కను అడిగి తీసుకున్నాడు. అది ఒక అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చింది. ఆ కుక్కకు రాయి నిలిపి, పూజకు భూమి ఇచ్చారు. కుక్క విశ్వాసం మెచ్చదగిందే. నన్ను ఆపేది మెప్పు కాదు, పోలిక. దొరల వేటలో చచ్చిన కుక్కకు మాన్యం దొరికిన దేశంలో, దొరల చెరువు తవ్వుతూ కట్ట కూలి చచ్చిన ఒడ్డెవాడికి రాయి నిలిపినట్టు నాకెక్కడా కనిపించలేదు. వీరగల్లు శ్రమజీవిని గుర్తిస్తుంది. కాని అతను ఆస్తి కోసం, ఏలిక కోసం ఆయుధం పట్టి చచ్చినప్పుడే గుర్తిస్తుంది. పలుగు పట్టి చస్తే గుర్తించదు.

నడిమి అంతస్తు అప్సరసల పని కూడా ఇదే. భూమి అందరికీ ఇవ్వలేరు, స్వర్గం అందరికీ ఇవ్వొచ్చు. ఈజిప్టు పాలకుడు స్వర్గాన్ని తనకే ఉంచుకుని పనివాణ్ణి అక్కడికి బొమ్మగా తీసుకుపోయాడు. మన సామంతుడు స్వర్గాన్ని కూలిలో భాగంగా పంచాడు. రెండో పద్ధతి మొదటిదాని కంటే ఉదారంగా కనిపిస్తుంది, ఎక్కువ కాలం పనిచేస్తుంది కూడా.

5

స్త్రీల విషయంలో ఈ రాళ్ళు మరీ నిర్దయగా ఉంటాయి. వీరగల్లు పక్కనే చాలాచోట్ల మాస్తికల్లు ఉంటుంది. మహాసతి రాయి. దాని మీద తరచు మనిషి ఉండదు. స్తంభంలోంచి పొడుచుకొచ్చిన ఒక చేయి ఉంటుంది. మోచేతి దగ్గర వంగి, నిండా గాజులతో, వేళ్ళ మధ్య నిమ్మపండుతో. భర్తతో కాలిపోయిన స్త్రీలో సమాజం దాచుకోదలచింది ఆ గాజుల చేయి ఒక్కటే, అంటే ఆమె ముత్తైదువతనం. ముఖంతో పని లేదు.

ఈజిప్టులో మెయ్‌దూమ్ దగ్గర 1871లో దొరికిన రాహొతెప్, నోఫ్రెత్ దంపతుల విగ్రహాల్లో భార్య భర్తతో సమాన పరిమాణంలో, తన ముఖంతో, తన పేరుతో పక్కన కూర్చుని ఉంటుంది. దీన్ని చూసి అక్కడి స్త్రీ స్వేచ్ఛగా ఉందని తీర్పు చెప్పను. నోఫ్రెత్ రాచబంధువు. అదే యుగంలో మోకాళ్ళ మీద ధాన్యం నూరుతున్న ఆడమనిషి బొమ్మ ఆమె తిండి కోసమే నూరుతోంది. కాని చావు తర్వాత కూడా పెద్దింటి స్త్రీకి ముఖం మిగిలిన సంప్రదాయమొకటుందనీ, మనది ఆమెను చేయిగా కుదించిందనీ చెప్పక తప్పదు. మాస్తమ్మకు మొక్కే ఆడవాళ్ళను నేను తప్పుపట్టను. ఆ చేతికి ముఖం లేకుండా చేసిందెవరో అడగమంటాను.

6

వీరగల్లు మీద మన రచయితల్లో రెండు ధోరణులు కనిపిస్తాయి. ఒకటి, దాన్ని సీమ పౌరుషానికి నిదర్శనంగా ఎత్తిపట్టి పులకించిపోవడం. పౌరుషం పేరుతో ఇక్కడ పాలెగాళ్ళ కాలం నుంచి ఎవరి నెత్తురు ఎవరి కోసం కారిందో తెలిసినవాళ్ళు ఆ పులకింతను అనుమానించాలి. రెండోది, ఇదంతా భూస్వామ్య అవశేషమని ఒక్క మాటతో తోసెయ్యడం. ఇది సులభమైన పని, అందుకే పనికిరానిది. కోశాంబి పుణె చుట్టుపక్కల పల్లెలు కాలినడకన తిరిగి రాళ్ళనూ దేవరలనూ పరిశీలించింది పులకించడానికి కాదు, తోసెయ్యడానికీ కాదు. రాయి వెనక ఉన్న జీవనాధారాన్ని తెలుసుకోవడానికి. మనకా ఓపిక ఇంకా రావాలి.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియంలో ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. నైషు అనే యువతిదంటారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దాన్ని వెయ్యి పౌండ్లకు కొన్నాడనీ, ఏడో నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చాడనీ చెబుతారు. దాన్ని జాగ్రత్తగా కాపాడుతున్నందుకు సంతోషమే. ఎంతో దూరం నుంచి తెచ్చిన శవానికి గాజుపెట్టె దొరికింది. పేరూ ఊరూ చెబుతూ నిలబడ్డ మన మనిషి రాయి రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కంకరలో కలిసిపోతోంది.

ఇక అసలు రాయే లేనివాళ్ళు. 1876–78 ధాత కరువులో ఈ ప్రాంతం అప్పటికింకా బళ్ళారి జిల్లాలో ఉంది. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. దత్తమండలాల్లో జనం లక్షల్లో చచ్చారు. కరువు పనుల్లో రాళ్ళు కొట్టిన మగవాడికి రిచర్డ్ టెంపుల్ 1877లో ఖరారు చేసిన కూలి రోజుకు ఒక పౌను గింజలు, పైన కొద్ది చిల్లర. దేర్ ఎల్ మదీనా కార్మికుడికి ధాన్యం ఆలస్యమైందని రాసిపెట్టడానికి ఒక లేఖకుడున్నాడు. మన కరువుకు దొరల నివేదికలున్నాయి గాని, చచ్చినవాడి పేరూ వాడి తండ్రి పేరూ ఊరి పేరూ చెప్పే రాయి ఒక్కటి నాకు కనపడలేదు. 1990ల చివరి నుంచి ఈ జిల్లాలో వేరుశనగ ఎండి, బోరు ఎండి, అప్పు తీరక ప్రాణం తీసుకున్న రైతులకూ లేదు. వాళ్ళ పేర్లు నష్టపరిహారపు ఫైళ్ళలో ఉన్నాయి. అర్హత లేదని పరిహారం నిరాకరించిన చోట ఆ వరస కూడా లేదు. పశువుల కోసం చచ్చినవాడు వీరుడయ్యాడు, పంట కోసం చచ్చినవాడు కేసయ్యాడు.

రచయితలుగా మన ముందున్న పని కొత్తగా రాళ్ళు నిలబెట్టడం కాదు. వీరగల్లు శిల్పి వేసిన ఆ నాలుగు ప్రశ్నలను, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్నవాటిని, ఆయుధం పట్టని మనిషి చావుకు కూడా వెయ్యడం. జవాబులో అప్సరసలను చేర్చకుండా ఉండడం. ఈ సీమ నుంచి వచ్చే కథల్లో, కవితల్లో కరువు అన్న మాట చాలాసార్లు కనిపిస్తుంది. ఆ కరువులో చచ్చినవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, బాకీ, ఆ బాకీ ఎవరికో చెప్పే రచనలు ఇంకా రావాలి. వెయ్యేళ్ళ కిందట మెట్టచేలో ఉలి పట్టినవాడు ఆ వివరాల్లో మొదటి మూడింటినీ రాతికెక్కించాడు. మిగతా రెండూ మన వంతు.